ఎడమ పక్క సీటు

మొన్న శుక్రవారం మధ్యాహ్నం ఉస్తాద్ కార్ల షెడ్డు దగ్గరికి పోతే షట్టర్ దించి ఉంది. పక్కన పంక్చర్లు వేసే ఆయన టైరు మీద నుంచి తల ఎత్తకుండానే చెప్పాడు. "నీకు తెల్వదా కాకా? ఉస్తాద్ పోయిండు. పొద్దుగాల నమాజుకు లేవలే."

సాయంత్రం జనాజా వెంట నడిచాను. ప్రత్యేక రాష్ట్రం ఖాయమైందని చౌరస్తాలో పటాకులు కాలుస్తున్నారు. ఆ పొగలోంచే తీసుకుపోయాం. పిడికెడు మట్టి వేసి వచ్చాను. నాకు ముందు నుంచీ మాటలు తక్కువ. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మా గోదావరిఖనిలో ఆయన కార్లు బాగుచేసే మేస్త్రి. అందరికీ ఉస్తాదే. బండి ఏ జబ్బుతో వచ్చినా ముందు బానెట్ ఎత్తేవాడు కాదు. యజమానినే నడపమని, తాను ఎడమ పక్క సీట్లో కూర్చుని కళ్లు మూసుకునేవాడు. మూడు ప్రశ్నలు అడిగేవాడు. "ఇంజన్ చల్లగున్నప్పుడా, వేడెక్కినంకనా? సాఫ్ రోడ్డు మీదనా, ఎత్తు ఎక్కంగనా? పక్కన మనిషి ఉన్నప్పుడా, ఒక్కనివే ఉన్నప్పుడా?" మూడోది ఎందుకంటే, "బండి మీద బరువెంతనో తెల్వాలె గదా" అనేవాడు.

నేను బొగ్గు బాయి పని నుంచి రిటైరయ్యాక పాత పెట్రోల్ కారు ఒకటి కొన్నాను. మా ఆమెకు ఆయాసం, బస్సు మెట్లు ఎక్కలేకపోయేది. వారం వారం మంచిర్యాల దవాఖానకు తీసుకుపోయేవాణ్ణి. ఒక ఎండాకాలం కారు మిస్సింగ్ మొదలుపెట్టింది. పెడల్ తొక్కితే ఒక క్షణం ఏమీ ఉండదు, తర్వాత ఒక్కసారే ఎగిరిపడుతుంది. ఒకరోజు గోదావరి బ్రిడ్జి మీద అసలు గుంజలేదు. వెనక బొగ్గు లారీల హారన్లు. పక్కన ఆమె ఎదురొమ్ము పట్టుకుని, పెదాలు నల్లబడి. నేను చెప్పాల్సిన మాట ఆమే చెప్పింది. "ఏం గాదు, మెల్లగ పోదాం." ఎట్లా చేరామో నాకే తెలియదు.

ఉస్తాద్ ప్లగ్గులు తుడిచాడు, పెట్రోల్ ఫిల్టర్ మార్చాడు. తగ్గలేదు. మూడో రోజు ఎయిర్ ఫిల్టర్ మూత విప్పాడు. లోపల ఫిల్టర్ చుట్టూ మా ఆమె పాత చీర ముక్క. నేనే తడిపి చుట్టాను. ముప్పై ఏళ్లు బాయిలో తడి రుమాలు ముక్కుకు కట్టుకుని బతికినవాణ్ణి. రోడ్డంతా బొగ్గు దుమ్మే కదా, ఇంజన్‌కూ కడితే మంచిదనుకున్నాను. ఆ గుడ్డ మీద దుమ్ము పట్టి, ఎండి, మట్టి పెళ్లలా అయింది. నేను ముందే చెప్పలేదు. తప్పనుకుంటే కదా చెప్పడానికి.

ఉస్తాద్ గుడ్డను చూశాడు, నన్ను చూశాడు. పక్కన ఇద్దరు డ్రైవర్లున్నారు.

"ఏం దొరికింది ఉస్తాద్?" అన్నాడు ఒకడు.

"ఎలుక గూడు పెట్టింది."

వాళ్లు పోయాక నెమ్మదిగా అడిగాడు. "అన్నా, నీ ముక్కుకు కట్టుకున్నట్టే దీనికి గూడ కట్టినవా?"

తల వంచుకున్నాను.

"ఫికర్ జెయ్యకు. పానం మీద పానం పెట్టి కట్టినవ్. కానీ, గాలి లేకుంటే ఇదేం జేస్తది చెప్పు?" అని, ఆపుకోలేక నవ్వి, నవ్వి, స్టూలు మీద కూలబడ్డాడు. "వదినెకు మాత్రం చెప్పకు. నవ్వితే ఆయాసమొస్తది."

చెప్పాను. నవ్వింది, దగ్గింది, మళ్లీ నవ్వింది.

ఆ తర్వాత బండి ఎన్నడూ ఆగలేదు. రెండేళ్లకు ఆమే ఆగిపోయింది.

ఇంట్లో నా చెప్పుల చప్పుడు తప్ప వేరే చప్పుడు లేకుండా పోయింది. ఒక శుక్రవారం షెడ్డుకు పోయి, "మిస్సింగ్ కొడుతోంది ఉస్తాద్" అన్నాను. అబద్ధం. ఆయన చేతులు తుడుచుకుని వచ్చాడు. ఆమె కోసం ముందుకు జరిపి ఉన్న సీటు మీద చెయ్యి పెట్టి, "జరపనా అన్నా?" అని అడిగి, నేను తలూపాకే వెనక్కి జరిపాడు. బ్రిడ్జి దాకా పోయి వచ్చేవరకూ కళ్లు తెరవలేదు. దిగుతూ అన్నాడు. "ఉందన్నా, జరంత ఉంది. ఒక్క రౌండుకు దొరకది. వచ్చే శుక్రవారం మల్ల తీస్కరా."

అట్లా ఎన్ని శుక్రవారాలో. ఒక్కసారి కూడా ఆయన బానెట్ ఎత్తలేదు. నేనూ ఎందుకని అడగలేదు.

నిన్న ఒక్కణ్ణే బ్రిడ్జి దాకా పోయాను. ఎత్తు ఎక్కుతుంటే కారు నిజంగానే ఒకసారి తడబడింది. పెడల్ మీద కాలు తేలిక చేసి ఎడమ వైపు చూశాను. ఆయన మోకాళ్లకు తగ్గట్టు, సీటు ఇంకా వెనక్కే జరిపి ఉంది.