జాడీ చాటు రాయబారం

కెనడాలోని స్కార్‌బరోలో మా ఇంటి దగ్గరి చైనా దుకాణంలో అడుగుపెడితే చాలు, ఎండు రొయ్యలూ, ఎండబెట్టిన కమలాతొక్కలూ, తడిసిన అట్టపెట్టెలూ కలగలిసిన వాసన ముక్కుకు తగిలి, హాంకాంగ్‌లో మా పాత లిఫ్టు ముందు నిలబడినట్టుంటుంది.

బ్రిటిష్ వాళ్ళు ఆ ఊరిని చైనాకు అప్పగించడానికి ఇంకా కొన్నేళ్ళుందనగా నా చిన్నతనం అక్కడ గడిచింది. గోడలకు బూజు పట్టించే ఉక్కపోత, వెన్నెల పండగకు వీధి పిల్లలతో కలిసి పట్టుకు తిరిగిన కాగితపు లాంతర్లు, తామరగింజల ముద్ద కూరిన బిళ్ళలు, సాయంత్రం టీవీలో ఏమీ మారదంటూ చేతులు కలుపుకునే రెండు దేశాల పెద్దమనుషులు. వాళ్ళ నవ్వులు చూసి నాన్న తృప్తిగా తలూపేవాడు. అమ్మ మాత్రం లిఫ్టులో ఎవరి సామాను దిగుతోందో చూసేది.

నాన్న అక్కడి తెలుగువాళ్ళ సంఘానికి కార్యదర్శి. ప్రతి సభలోనూ మైకు పట్టుకుని, "ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు, నేనున్నానుగా" అనేవాడు. ఆ మాట నమ్మి కొలువులు వదలకుండా ఆగినవాళ్ళున్నారు. శకుంతల ఆంటీ అయితే ఏకంగా బట్టల షాపే తెరిచింది. అలాంటి నాన్న గుట్టుగా కెనడాకు అప్లై చేశాడని తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు. "బయట అనకే, నాన్న మాట పోద్ది" అంది అమ్మ.

అయితే గుట్టు దాచడం అంత తేలిక కాదు. ఏటా ఎండాకాలంలో గుంటూరు నుంచి వచ్చిన కారంతో, మార్కెట్లో దొరికే థాయిలాండ్ మామిడికాయలతో తెలుగిళ్ళన్నిటా ఏడాదికి సరిపడా ఆవకాయ పెట్టేవారు. ఎవరెంత పెట్టారో తెలిస్తే ఎవరెన్నాళ్ళుంటారో తెలిసిపోయినట్టే. అందుకే ఆ ఏడు ఆడవాళ్ళంతా ఏదో ఒక వంకతో ఒకరి వంటింట్లోకి ఒకరు తొంగిచూశారు. అమ్మ ఒక చిన్న సీసాలోకి మాత్రమే పెట్టి, పెద్ద జాడీకి ఉత్తినే వాసెన కట్టి, అందరికీ కనబడేలా హాల్లో కూర్చోబెట్టింది.

తుఫాను గాలి వీచిన ఒక మధ్యాహ్నం శకుంతల ఆంటీ మా ఇంట్లోనే ఉంది. కిటికీ తెరుచుకుని వాన నీళ్ళు హాల్లోకి వచ్చేస్తుంటే తలా ఒక వస్తువు పైకెత్తుతున్నాం. నిండుగా ఉంటే ఇద్దరు పడితే గాని కదలని జాడీని ఆవిడ ఒక్కతే చంకనెత్తుకుంది. ఒక్క క్షణం అలాగే నిలబడి, మెల్లగా బల్ల మీద పెట్టి, వాసెన సర్దింది.

"ఈ ఏడు బాగా కుదిరినట్టుంది వదినగారూ" అంది.

"మీ దయ" అంది అమ్మ.

ఆ ఆదివారం సభలో నాన్న ఎప్పటి మాటే చెప్పాడు. ఆంటీ లేచి నిలబడి, "అన్నయ్యగారూ, మీరుంటారు గదా?" అని అడిగింది.

"ఉంటానమ్మా."

"అయితే సరే" అని కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చింది. మర్నాటి నుంచి ఆవిడ షాపు తెరవలేదు, నెల తిరక్కుండా ఒక్కొక్కరే సామాన్లు సర్దుకున్నారు.

ఆ భవనం ఇంకా ఉందట, ఆ తెలుగిళ్ళు లేవు. ఆంటీ ఈ దేశంలోనే సర్రీలో ఉందని తెలిసినా నాన్న ఫోన్ చేయడు. ఇక్కడి సంఘంవాళ్ళు రెండు మాటలు మాట్లాడమని ఎంత బతిమాలినా, "నా మాటలకేముంది లెండి" అంటూ చివరి వరసలో కూర్చుంటాడు. నేనూ ఆయన పక్కనే కూర్చుంటాను. మైకు పట్టుకున్న పెద్దమనిషి ఎంత గట్టిగా చెప్పినా, ముందు వాళ్ళావిడ మొహం చూస్తాను.