నలభై మూడో పెట్టెలో చెక్కముక్క

దెయ్యాలంటే నమ్మకం లేదని చెబితే నా సంగతి సగమే చెప్పినట్టు. వాటి కథలు చెప్పేవాళ్ళంటే నాకు చిరాకు కూడా. హాస్టల్లో ఎవరికో మెట్ల మీద చప్పుళ్ళు వినబడ్డాయంటే, పైపు లీకవుతోందేమో చూసి రమ్మని పంపిన మనిషిని నేను. చదివింది జియాలజీ. మనుషులు చెప్పేది రాయితో సరిచూసుకోవడమే నా ఉద్యోగం. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

నేను పనిచేసే కంపెనీ రాయలసీమ వైపు మూతబడిన ఒక బంగారు గనిని తీసుకుంది. ఆ గని చరిత్ర పెద్దదే. మొదట పేరూ ఊరూ తెలియని పాతకాలం వాళ్ళు బంగారం దొరికే తెల్లటి పలుగురాయి చారని పట్టుకుని కొండలోకి దిగిపోయారు. మందుగుండు లేని రోజులు. రాతికి మంటపెట్టి, బాగా కాలాక నీళ్ళు కొట్టి పగలగొట్టేవాళ్ళు. ఇప్పటికీ పైన మసిబారిన రాళ్ళు, బంగారు రాయి నూరిన గుంటలు కనిపిస్తాయి. తర్వాత దొరల కంపెనీ ఒకటి వచ్చి నిలువుగా బావిలాంటి షాఫ్టు దింపి, ఊటనీళ్ళు తోడలేక వదిలేసి పోయింది. స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వ సర్వే వాళ్ళు బోర్లు వేసి చూశారు. చివరికి మా వంతు వచ్చింది.

బోరు వేసినప్పుడు బయటికొచ్చే గుండ్రటి రాతి కడ్డీల్ని కోర్ అంటాం. వాటిని లోతు వరసలో పొడవాటి పెట్టెల్లో పేరుస్తారు. బోరు పాతవాళ్ళు తవ్విన గుంతలోంచి పోతే అక్కడ రాయి రాదు. ఆ చోట ఒక చెక్కముక్క పెట్టి, ఎంత లోతులో ఎంత ఖాళీ అని దాని మీద రాస్తారు. మా ఓనర్‌ది విశాఖే కాబట్టి సర్వే నాటి పెట్టెలన్నీ లారీల్లో గాజువాక దగ్గర ఒక గోడౌన్‌కి వచ్చాయి. వాటిని మళ్ళీ చూసి పాత గుంతలు ఎక్కడున్నాయో చెప్పడం నా పని. ఆ గుంతల నిండా ఏళ్ళనాటి నీళ్ళుంటాయి. కొత్త సొరంగం వాటికి దూరంగా పోవాలి.

ఆ సొరంగం తవ్వే ముఠాకి మేస్త్రీ మా అక్క మొగుడు, సూరిబాబు బావ. విజయనగరం వైపు రైతు కుటుంబం. ఊళ్ళో సేద్యం గిట్టక సొరంగాల పనుల్లో తిరిగేవాడు. ఈ ఉద్యోగం నేనే ఇప్పించాను. ఇప్పించానని ఇంట్లో గొప్పలు కూడా పోయాను.

గోడౌన్‌లో నాకు తోడు నూకరాజు. జాలరిపేట మనిషి, మోకాళ్ళు అరిగిపోయి వేట మానేశాడు. ఒకరోజు ఇద్దరం పెట్టెలు జరుపుతుంటే ట్రాలీ చక్రం ఊడి మూడు పెట్టెలు కిందపడ్డాయి. నలభై ఒకటి, నలభై రెండు, నలభై మూడు. రాళ్ళు చెల్లాచెదురయ్యాయి. విరిగిన అంచులు కలుపుకుంటూ సాయంత్రం దాకా మళ్ళీ పేర్చాం. చివరికి నా చేతిలో ఒక చెక్కముక్క మిగిలింది. దాని మీద లోతు అంకెల్ని చెదలు తినేశాయి. ఖాళీ అన్న మాట ఒక్కటే చదవడానికొచ్చింది. పాత కాగితాల్లో ఆ లోతులు రాసిన పేజీ లేదు.

నలభై ఒకటో పెట్టె చివర పలుగురాయి ఉంది. పాతవాళ్ళు తవ్వేది దాని కోసమే కాబట్టి గుంత అక్కడే ఉండాలని తేల్చి, ముక్క అక్కడ పెట్టాను. ఆ లెక్కన గుంత అడుగుకీ కింద బావ తవ్వుతున్న సొరంగానికీ మధ్య పది మీటర్ల గట్టి రాయి ఉంటుంది. అదే రిపోర్టులో రాసి పంపాను. పెట్టెలు పడిపోయిన సంగతి మాత్రం రాయలేదు. కోర్ కిందపడేసుకోవడం మా వృత్తిలో తలవంపులు. నాకు నామోషీ అనిపించింది.

మర్నాడు పొద్దున్న తాళం తీసి చూస్తే ఆ ముక్క నలభై మూడో పెట్టెలో, చివరి వరసలో ఉంది.

నూకరాజు మీద కేకలేశాను.

"నాను ముట్టుకోనేదమ్మా. నీకంటే ముందు ఏ రోజైనా లోపలికొచ్చానేటి?" అన్నాడు.

నిజమే. తాళం చెవి ఒక్కటే, అదీ సీతమ్మధారలో నేనుండే ఇంట్లో, నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంటుంది. ముక్క తీసి మళ్ళీ నలభై ఒకటిలో పెట్టి, ఫోన్లో ఫోటో తీసుకున్నాను. తెల్లారి చూస్తే మళ్ళీ నలభై మూడులోనే, అదే వరసలో, అదే చోట ఉంది. ఆ చోటు నిజమైతే గుంత ఇంకా లోతుకి దిగినట్టు, బావ తల మీద మూరెడు రాయి కూడా మిగలదు. ఆ మాట నా బుర్రకి తట్టకపోలేదు. ఎలకేదో లాక్కెళ్ళిందనుకున్నాను. చదువుకున్న మూర్ఖత్వం అంతకంటే ఏం అనుకుంటుంది?

మూడోసారి పురికొస తెచ్చి ముక్కని నలభై ఒకటో పెట్టె అంచుకి కట్టేశాను. నూకరాజు పక్కనే నిలబడి చూస్తున్నాడు.

"సంద్రం వలని ఒకపాలి పక్కకి లాగితే కెరటమనుకుంటాం. మల్లీ మల్లీ లాగితే అటేపు ఏటో ఉన్నాదని ఒగ్గేత్తాం. నువ్వెందుకమ్మా ఎదురు లాగుతన్నావు?" అన్నాడు.

నేను ముడి ఇంకాస్త బిగించాను.

మర్నాడు పురికొస నేను కట్టిన చోటే ఉంది. ముడి ఊడలేదు, తాడు తెగలేదు. మధ్యలో ముక్క మాత్రం లేదు. అది నలభై మూడులో ఉంది. చేత్తో తీస్తే తడిగా తగిలింది. రాయి రంగు తేలడానికి కోర్ మీద నీళ్ళు చల్లుతాం గానీ, మేమిద్దరం ఆ రెండు రోజులూ చల్లలేదు.

అప్పుడు భయమేసింది. వెంటనే బావకి ఫోన్ చేశాను. ఇంకా పైనే ఉన్నాడు, టీ తాగుతున్నాడు.

"బావా, ఇవాళ దిగకు."

"ఏటైంది సిట్టీ?"

ఏం చెప్పను? చెక్కముక్క నడుస్తోందని చెప్పలేను. పెట్టెలు పడేశానని చెప్పడానికి నోరు రాలేదు. "లెక్క ఇంకోసారి చూసుకోవాలి" అన్నాను.

బావ నవ్వాడు. "నువ్వేసిన లెక్కేగదే, తప్పెలాగవుద్ది? మద్దేనం మాటాడదాంలే."

గని మేనేజర్‌కి చేశాను. అనుమానానికి పని ఆపలేం, కారణం రాసి మెయిల్ పెట్టండి అన్నాడు. కూర్చుని రాశాను. ట్రాలీ, చక్రం, మూడు పెట్టెలు, నా తప్పు, అన్నీ రాశాను. ఎలా రాస్తే పరువు కాస్తయినా దక్కుతుందా అని నాలుగైదుసార్లు చెరిపి రాశాను. అది పంపి మళ్ళీ బావకి చేస్తే ఫోన్ అందుబాటులో లేదని వచ్చింది. భూమి లోపల సిగ్నల్ ఉండదు. ఎన్నిసార్లు చేశానో నాకే తెలియదు. నూకరాజు నా పక్కన నేల మీద కూర్చుని, ఆ చెక్కముక్కనే చూస్తూ ఉండిపోయాడు.

మధ్యాహ్నానికి కబురొచ్చింది. సొరంగం కప్పు పగిలి పాత నీళ్ళు ఒక్కసారిగా పడ్డాయి. లోపల నలుగురున్నారు. ముగ్గుర్ని నీళ్ళు షాఫ్టు వైపు తోసేశాయి, బతికారు. నీళ్ళు తోడి బావని బయటికి తేవడానికి రెండు రోజులు పట్టింది.

తర్వాత ఆ గుంతని కొలిచారు. నలభై మూడో పెట్టెలో ముక్క ఎక్కడుందో, సరిగ్గా ఆ లోతులోనే ఉంది.

నూకరాజుని పోలీసులా అడిగాను. పాపం, ఏడ్చాడు. అతనికి చదువు రాదు, సొరంగం ఎంత లోతులో పోతోందో తెలియదు. వాచ్‌మన్ దగ్గర తాళం చెవి లేదు. గేటు కెమెరాలో ఎవరూ కనబడలేదు. నేనే నిద్రలో నడిచి వెళ్ళానా అంటే, సీతమ్మధార ఎక్కడ, గాజువాక ఎక్కడ. ముక్కని జరిపింది ఆ బోరు వేసినవాళ్ళో, అంతకుముందు ఆ గుంత తవ్వినవాళ్ళో, ఎవరనుకోవాలో నాకిప్పటికీ తెలియదు.

అక్కకి ఆ పెట్టెల సంగతి చెప్పలేదు. ఇది అచ్చయితే చదువుతుంది. చదవాలనే రాశాను.

నేనింకా ఆ గోడౌన్‌కే వెళ్తున్నాను. రోజూ ఇంటికి బయల్దేరే ముందు ఆ చెక్కముక్కని తీసి నలభై ఒకటో పెట్టెలో పెడతాను. కట్టను, ఊరికే పెడతాను. పొద్దున్న తాళం తీసి ముందు దాన్నే చూస్తాను.

నేను పెట్టిన చోటే ఉంటుంది.