పరదా వెనక దూదిపుల్ల

ఎమ్మిగనూరు పక్క పల్లెలో నాగవేణి మిరపకోతకు పోయేది. కొడుకు ఉరుకుందుకు ఒళ్లు వెచ్చబడితే చాలు, ఆర్‌ఎంపీ చేత సూది వేయించేది. వాడు లేస్తేనే కదా తల్లికి కూలి!

ఇప్పుడు వాడికి గజ్జల్లో హెర్నియా. ఆదోని ఆసుపత్రిలో ఆపరేషన్‌కు ముందు, ఊరికూరికే సూదులేయిస్తే మందులకు లొంగకుండా మొండికేసే క్రిములేమైనా ఉన్నాయేమో చూడాలన్నారు. పిల్లోడు సిగ్గుతో మెలికలు తిరుగుతుంటే, మలద్వారం దగ్గర తిప్పి తెమ్మని నర్సు దూదిపుల్లను తల్లి చేతికే ఇచ్చి పరదా వెనక్కి పంపింది.

"క్రిములు దొరికితే ఆపరేషన్ చేయకుండానే వాపసు పంపిస్తారంటక్కా," అంది పరదా పక్కన వరసలో నిలబడిన ఒకామె.

ఉరుకుందుకు వేయించిన సూదులన్నీ నాగవేణికి గుర్తొచ్చాయి. కొడుక్కి బదులు, మాత్ర రుచే ఎరగని చంకలోని చంటికూతురికి ఆ పుల్ల తిప్పి నర్సుకిచ్చింది.

రిపోర్టు శుభ్రంగా వచ్చింది. ఆపరేషనూ అయింది. తర్వాత కుట్లకు చీము పట్టింది, విషం రక్తానికెక్కింది. ఏ మందుకూ జ్వరం దిగకపోతే, నాగవేణి డాక్టరు కాళ్ల మీద పడి నిజం చెప్పింది.

"వాపసు పంపుతారనిరి సార్!"

"ఎవరు సెప్పినారమ్మా? ఆపరేషన్ ఆపేవాళ్లమే కాదు. ముందేసే సూది మాత్రం ఆ క్రిములకు పనిచేసేది ఏసేవాళ్లం."

"అయితే ఇప్పుడెయ్యండి సార్ ఆ సూది."

ఆమె వెనక, నర్సు ఉరుకుందు ముఖం మీదికి దుప్పటి లాగుతోంది.