మేడమ్ అక్కనే అడిగేది

మంగళవారం మధ్యాహ్నం అక్క కూతురు మండపేట నుంచి ఫోన్ చేసింది. "అమ్మ పోయింది పిన్నీ. పొద్దున్న టీ తాగి పడుకుంది, మళ్ళీ లేవలేదు." ఇస్త్రీ పెట్టె ఆపేశాను.

ఆమె నాకు తోడబుట్టిన అక్క కాదు. ఇక్కడ బహ్రెయిన్‌లో, సముద్రం ఒడ్డున అమ్వాజ్‌లోని ఈ ఇంట్లో ఆరేళ్ళు ఇద్దరం ఒకే గదిలో ఉన్నాం. ఆమె వంట చేసేది, నేను ఇల్లు శుభ్రం చేసేదాన్ని. ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చున్నాను. కానీ ఆమె అంటే నాకు అసూయ ఉండేది. అది రాయకపోతే మిగతావేవీ నిజం కావు.

మా మేడమ్ పోలండ్ ఆవిడ. ఒకప్పుడు అక్కడ సినిమాలు తీసింది. ముసలితనంలో కూతురి దగ్గర ఉందామని ఇక్కడికి వచ్చేసింది. భోజనాలయ్యాక తమ దేశపు సినిమాలు పెట్టి మమ్మల్నీ కూర్చోమనేది. ఆడవాళ్ళు తీసినవే ఎక్కువ. "మా రోజుల్లో కెమెరా ఇవ్వమంటే, మరి పిల్లల్ని ఎవరు చూస్తారని అడిగేవాళ్ళు" అని ఒకసారి చెప్పింది.

నేను ఇంటర్ చదివాను. తెర కింద పడే ఇంగ్లీషు గబగబా చదివేసేదాన్ని. అక్కకి సంతకం తప్ప ఏమీ రాదు. అయినా మేడమ్ సినిమా ఆపి, ఇప్పుడు ఈమె మనసులో ఏముందని అక్కనే అడిగేది. అక్క చెప్పింది నేను ఇంగ్లీషులో చెప్పాలి. అది మరీ కష్టంగా ఉండేది.

ఒక సినిమాలో ఫ్యాక్టరీలో పనిచేసే ఒకామె, మొగుడు వదిలేసి పోయాడని తెలిశాక కూడా బంగాళాదుంపల తొక్క తీస్తూనే ఉంటుంది. ఆమెకి బాధ లేదన్నాను నేను.

"బాధ లేక కాదే" అంది అక్క. "చేతులాపితే కూలబడిపోతానని తెలుసు ఆవిడికి."

మేడమ్ అక్క చెయ్యి పట్టుకుంది. ఇంకోసారి అక్క, "మన సినిమాల్లో ఆడోళ్ళని చూత్తారు. వీటిల్లో ఆడోళ్ళే చూత్తారు" అంది. ఆ మాట మేడమ్ పుస్తకంలో రాసుకుంది. నేను చెప్పింది ఒక్కటీ రాసుకోలేదు.

కొన్నాళ్ళకి మా వంటింట్లోనే, అక్కతో ఒక చిన్న సినిమా తీద్దామనుకుంది మేడమ్. శుక్రవారం పొద్దున్న అక్కని ఉండమని చెప్పమంది నాకు. నేను వెళ్ళి, "రేపు నీకు సెలవంట అక్కా, ఎక్కడికైనా వెళ్ళిరా" అన్నాను. మర్నాడు ఆకుపచ్చ చీర కట్టి, కాటుక పెట్టి, ఉల్లిపాయలు ముందేసుకుని కూర్చున్నాను. అక్క దూరంగా హూరాలో ఉన్న చుట్టాలింటికి వెళ్ళిందని చెప్పాను. మేడమ్ కాసేపు తీసింది. "నన్ను చూస్తున్నావు, ఉల్లిపాయని చూడు" అంది. తర్వాత కెమెరా పక్కన పెట్టి బాల్కనీలోకి వెళ్ళిపోయింది.

శనివారం అక్కతో, "నిన్న నీతో సినిమా తీద్దామనుకున్నాను" అంది మేడమ్. అదీ నేనే తెలుగులో చెప్పాల్సొచ్చింది. అక్క ఒకసారి నా మొహం చూసింది.

"చెల్లి చెప్పింది మేడమ్. నేనే మర్చిపోయేను."

వంటింట్లోకి వచ్చాక నాతో, "అడిగితే నేనే నిన్ను కూచోబెడదును కదే" అంది, అంతే. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. ఆ మంచితనం మీద కూడా అసూయపడ్డాను. తర్వాతి వారం మేడమ్ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. మళ్ళీ కెమెరా పట్టుకోలేదు. నిరుడు మోకాళ్ళ నొప్పులతో అక్క మండపేట వెళ్ళిపోయింది.

అక్క పోయిందని చెబితే మేడమ్ ఏడ్చింది. నేను పోతే ఇలా ఏడుస్తుందా అనిపించింది. ఆ ఆలోచనకి నాకే సిగ్గేసి, ఆ శుక్రవారం ఆడిన అబద్ధం చెప్పేశాను.

"తెలుసు" అంది మేడమ్. "ఆ రోజు బాల్కనీలోంచి ఆమెని చూశాను."

"మరి కెమెరా తెచ్చుకోలేదేం?"

"అది ఆమె సెలవు."

ఏం చూసిందో మేడమ్ చెబుతుంటే, నన్నెప్పుడూ అలా చూడలేదని మళ్ళీ కడుపు మండింది. అక్క చెప్పులు ఒడ్డున విడిచి, లోతులేని సముద్రంలోకి నడిచిందట. అటూ ఇటూ చూసి, కట్టుకున్న చీరతోనే నీళ్ళలో కూర్చుండిపోయిందట. అలలు నడుము దాకా వచ్చి పోతుంటే, దోసిళ్ళతో నీళ్ళు తోడి నెత్తిన పోసుకుందట, మళ్ళీ మళ్ళీ.