ఏడేండ్లు ఎవరూ కొలవని వీపు

ఇంతవరకు మా ఊళ్ళో నా మాట ఎవరూ పట్టించుకోలేదు. పోయినప్పుడల్లా నన్ను వదిలేసి నా కాగితాలు చూశారు. అందుకే నేను కూడా కాగితం మీదే చెబుతున్నాను.

కడపలో నాది చిన్న టైలరింగ్ షాపు. ముప్పై ఒకటో ఏట నడుము కింద నొప్పి మొదలైంది. పొద్దున లేస్తే ఒళ్ళు బిగుసుకుపోయి, గోడ పట్టుకోనిదే నిలబడలేకపోయేవాణ్ణి. గంటసేపు అటూ ఇటూ తిరిగి, నిలబడి నాలుగు చొక్కాలు కత్తిరిస్తే సడలేది. ఆదివారం పడుకున్నానంటే సోమవారం నరకం.

ఇదంతా మా వీధి చివర ఆసుపత్రి డాక్టరుకు చెప్పాను. ఆయన రక్తపరీక్షలు రాశాడు. రిపోర్టు చూసి, "ఏమప్పా, అన్నీ నార్మల్‌గా ఉండాయి. లోపల వాపు గీపు ఏమీ లేదు. మిషన్ మీద కూర్చునేవానికి నడుము నొయ్యక ఇంకేం నొస్తాది? రెస్ట్ తీసుకో" అన్నాడు.

"రెస్ట్ తీసుకుంటేనే ఎక్కువైతాండాది సార్."

"అట్లయితే అది నడుములో లేదు, మనసులో ఉండాది" అని కంపౌండరు వైపు చూసి నవ్వాడు. కంపౌండరూ నవ్వాడు. ఆ ఇద్దరి నవ్వూ నేను మరిచిపోలేదు.

ఏడేండ్లలో ఆయన ఐదుసార్లు రక్తం తీయించాడు. ఐదుసార్లూ నార్మలే. షాపులో నాతో కలిసి కుట్టే నా తమ్ముడికి ఆ మాట బాగా పనికొచ్చింది. "పొద్దున కట్టె మాదిరి ఉంటావు, మధ్యాహ్నానికి పెండ్లికొడుకు మాదిరి తిరుగుతాండావు. ఇది యాడి రోగమన్నా? పొద్దున పూట ఇస్త్రీ అంతా నా నెత్తిన పడాలని కాదా?" అనేవాడు, గిరాకీల ముందరే.

మా షాపుకు పాత గిరాకీ వస్తే, "పోయినసారి కొలతలే ఉండాయి కదప్పా, వాటితోనే కుట్టు" అంటాడు. నేను ఒప్పుకోను. పుస్తకంలో అంకె ఎంతున్నా, మనిషిని నిలబెట్టి టేపు వేయాల్సిందే. చొక్కాకే నేనింత చేస్తాను. ఏడేండ్లు మందులు రాసిన డాక్టరు ఒక్కసారైనా నా వీపు మీద చెయ్యి వేయలేదు.

కర్నూలు పక్కన కల్లూరులో మా బావమరిది కొత్త ఇల్లు కట్టి గృహప్రవేశానికి పిలిచాడు. భోజనం చేసి చాప మీద నుంచి లేవబోతే లేవలేకపోయాను. ఇద్దరు చంకల కింద చేతులు వేసి లేపారు. మా బావమరిది మరునాడే నన్ను కర్నూలులో కీళ్ళవాతం చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు.

నేను కాగితాల కట్ట ముందుకు తోశాను. ఆమె దాన్ని పక్కన పెట్టి, "చొక్కా విప్పప్పా" అంది. నడుము మీద పెన్నుతో రెండు గీతలు గీసింది, మధ్య పది సెంటీమీటర్లు. ముందుకు వంగమంది. డ్రాయరులో నుంచి టేపు తీసింది. మెత్తటి పసుపు టేపు, నా మెడలో వేలాడేదే.

"మామూలు మనిషికి ఇది పదిహేను దాకా సాగాలప్పా. నీకు పదకొండున్నర దగ్గరే ఆగిపోయింది. ఇన్నేండ్లూ ఎవురూ చూడలేదా?"

"కాగితాలు చూసినారు మేడమ్."

ఎంఆర్ఐ తీయించింది. తుంటికీ వెన్నుకూ మధ్య కీళ్ళలో వాపు కనబడింది. "శానా మందికి రక్తం నార్మల్‌గానే ఉంటాది, వాపు లోపల పని చేస్తానే ఉంటాది" అని చెప్పింది. మందులు, రోజూ వ్యాయామం రాసింది. నొప్పి తగ్గింది. మెడ మాత్రం అప్పటికే బిగుసుకుంది. అది ఇక మునుపటిలా తిరగదని కూడా చెప్పింది.

ఈ ఏడు నా తమ్ముడు పొద్దున మిషన్ పట్టుకొని లేవడం చూశాను. నాకు కనబడకూడదని ముందే షాపుకు వస్తున్నాడు. వాడికి ఇరవై ఎనిమిది. అన్న మాదిరి రోగిష్టి అనిపించుకోకూడదని అదే డాక్టరు దగ్గరికి పోయి, అదే కాగితం తెచ్చుకున్నాడు. "నార్మలేనన్నా" అన్నాడు నా ముఖం చూడకుండా.

వాడి మాటలన్నీ నాకు గుర్తున్నాయి. అయినా చొక్కా విప్పించాను. గుడ్డ మీద గీసే సుద్దతోనే గీతలు గీసి, ముందుకు వంగమని టేపు తిప్పాను. మా పనంతా అంగుళాలలోనే. సెంటీమీటర్ల వైపు తిప్పడం నాకు అదే మొదటిసారి. పన్నెండు.

"కర్నూలుకు పోదాం పా" అన్నాను.

"రక్తంలో లేని రోగాన్ని నాకెందుకు అంటగడతాండావన్నా?"

వాణ్ణి పట్టుకొని మా వీధి చివర డాక్టరు దగ్గరికే పోయాను. టేపు బల్ల మీద పెట్టి, ఒక్కసారి కొలవమన్నాను. "నువ్వు టైలరువా, డాక్టరువా?" అని తరువాతి టోకెన్ పిలిచాడు. టేపు అక్కడే వదిలేసి వచ్చాను. ఆయనకు రెండు ఉత్తరాలు రిజిస్టర్ పోస్టులో పంపాను. అందినట్టు కార్డుల మీద నవ్విన కంపౌండరే సంతకం పెట్టాడు. జవాబు లేదు.

డాక్టరుగారూ, నా మెడ సంగతి అడగడం లేదు. వాడు నా మాట నమ్మడు, మీ కాగితం నమ్ముతాడు. అది నమ్మి కూర్చున్న ప్రతి నెలా వాడి వెన్ను బిగుసుకుంటోంది. వాణ్ణి పిలిచి, చొక్కా విప్పించి, టేపు వేయండి. ఎంత వచ్చిందో మీ చేత్తో రాసి ఇవ్వండి. నా టేపు ఇంకా మీ బల్ల మీదే ఉంది. ఎప్పుడు కొలుస్తారో చెప్పండి.