వీధికి నప్పే నీలం

అమెరికా దక్షిణాన సవానా ఊళ్లో పాత ఇళ్లు కొని, బాగుచేసి అమ్ముకునే వెండెల్, ఏ ఇల్లు కొన్నా ముందు ఆ వీధంతా నడుస్తాడు. బొటనవేళ్లు బెల్టులో దోపుకుని ప్రతి వరండా ముందూ ఆగి, గోడల రంగూ మెట్ల కమ్మీలూ చూసుకుంటాడు. "వీధిని మించకూడదు, వీధికి తగ్గకూడదు" అన్నది అతని ఊతపదం. వేలంలో కొన్న ఎజ్రా అనే ముసలాయన ఇంటి దగ్గరా అంతే. ఆ వీధిలో ఏ వరండాలో తలెత్తి చూసినా పైకప్పు చెక్కలు లేత నీలం. ఎజ్రా ఇంట్లో మాత్రం రంగు రాలిపోయి వట్టి చెక్క మిగిలింది. వెండెల్ నిచ్చెనెక్కి తనే నీలం పూశాడు.

పక్కింటి లూవీనియా కంచె మీద మోచేతులు ఆన్చి చూస్తోంది. "అదెందుకు పూస్తారో తెలుసా బాబూ?"

"వీధికి నప్పాలి కదమ్మా."

"దయ్యాలు గడప తొక్కకుండా పూస్తాం. ఎజ్రా పుట్టింది ఈ ఇంట్లోనే. వేలమేసి గెంటేస్తే పరాయి పంచన ప్రాణం వదిలాడు. ఇప్పుడు ఎక్కడికి రమ్మంటావు ఆయన్ని?"

వెండెల్ కుంచెను మళ్లీ నీలంలో ముంచాడు. రెండో పూత వేశాడు.

కొనేవాళ్లను వెంటబెట్టుకొచ్చిన రోజున లూవీనియా వరండా పైకప్పు వట్టి చెక్కలతో ఉంది. నీలమంతా గీకేసి, తన కుర్చీ పక్కన ఇంకో ఖాళీ కుర్చీ వేసుకుని కూర్చుందామె.

"ఆ ఒక్క ఇల్లే," అన్నాడు వెండెల్ వాళ్లతో, "వీధికి నప్పదు."