ఐదో మొప్ప

రెండువేల సంవత్సరం దాటి అప్పటికి ఆరేడేళ్లయింది. కంకిపాడు దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేదాన్ని. ఆ ఏడు మేనేజ్‌మెంటు వారు విద్యార్థుల కోసం వెబ్‌సైట్ పెట్టించారు. అందులో పాఠాలు ఎవరు పెడతారని ప్రిన్సిపల్ గారు స్టాఫ్ రూములో అడిగారు. నేను చెయ్యెత్తాను.

“నోట్సంతా అందులో పెట్టేస్తే ఇంక క్లాసుకెవరొస్తారమ్మా?” అన్నారు మా శాఖలోని సీనియర్ లెక్చరర్ గారు.

“నా క్లాసుకొస్తారండీ,” అన్నాను.

మొదటి పాఠం విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర డీటీపీ సెంటర్లో టైపు చేయించి ఎక్కించాను. మూడో రోజు ఫోను వచ్చింది. హాస్టల్లో ఉండే రెండో సంవత్సరం అమ్మాయి. కొల్లేట్లో చేపలు పట్టే కుటుంబం. కాలు విరిగి నెలరోజులుగా ఇంటి దగ్గరే ఉంది. వాళ్లన్నయ్య కైకలూరు నెట్ సెంటర్లో నా పాఠం ప్రింటు తీయించాడట.

“మేడమ్, తెలుగు రాలేదండి. అన్నీ డాలర్ గుర్తులూ, కొమ్ములున్న ఇంగ్లీషక్షరాలూనండి.”

డీటీపీ వాళ్లు వాడిన ఫాంటు లేని కంప్యూటర్లో తెలుగు కనబడదని నాకప్పుడే తెలిసింది. అయినా బెదరలేదు. మా నాన్న వన్‌టౌన్‌లో సైన్‌బోర్డులు రాసేవారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకున్నా, తెలుగు గుండ్రంగా రాయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆదివారం కూర్చుని పాఠమంతా చేత్తో రాసి, బొమ్మలు గీసి, స్కాన్ చేయించి ఎక్కించాను.

వారం తిరక్కుండా మళ్లీ ఆ అమ్మాయే.

“చక్కగా వచ్చిందండి మేడమ్. ఒకటడగనా? కోప్పడరు కదా?”

“అడుగమ్మా.”

“బొచ్చె చేపకి ఒక్కో పక్కన ఐదేసి మొప్పలేశారండి. మా అమ్మ కూరకి కోస్తుంటే మొప్పల మీది మూత ఎత్తి చూశాను. నాలుగేనండి. ఇంకో రెండు చేపలకీ చూశాను, అంతే.”

పుస్తకం తీశాను. ఐదు ఉండేది సొరచేపకి. ముందు వారం ఆ పాఠం చెప్పి, అదే ఊపులో బొచ్చెకీ ఐదు గీసేశాను. పదహారేళ్లుగా చెబుతున్న పాఠం! చెవులు వేడెక్కాయి. ఆ వెంటనే నవ్వొచ్చింది.

“నువ్వే రైటు. తప్పు నాది.”

“నిజంగానాండి?” అంది.

కొత్త బొమ్మ గీసి, పాతదాంట్లో పొరపాటు నాదేననీ, చేపను చూసి సరిదిద్దింది ఒక విద్యార్థిని అనీ కింద రాసి పెట్టాను.

“ఊరంతా చాటుకోవాలామ్మా?” అన్నారు సీనియర్ గారు.

“తప్పు బొమ్మ అందరికీ చేరింది కదండీ!”

మర్నాడు క్లాసు నిండిపోయింది. ముగ్గురు పిల్లలు కవర్లలో చేప తలకాయలు తెచ్చారు. సాయంత్రం దాకా ల్యాబంతా నీచు వాసన.

రెండు నెలలకి ఆ అమ్మాయి కుంటుకుంటూ కాలేజీకొచ్చింది. అప్పట్నుంచీ ఏ పాఠమైనా ఎక్కించే ముందు పేజీలు ఆమె చేతికే ఇచ్చేదాన్ని. కప్ప పాఠంలో రెండు చోట్ల పెన్సిలుతో గుర్తు పెట్టి తెచ్చింది. ఒకచోట ఆమె రైటు, రెండోచోట నేను.